ఆరోగ్యం హక్కు అని అడిగినవారి మీద పరిశోధన: సలహాలు, పాత సంగతులు కావాలి

గట్టుమీద | సోమవారం ఉదయం 9.15

అందరికీ నమస్కారం. విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధిస్తాను. వైద్యాన్ని హక్కుగా నిలదీసి అడిగిన సంఘాలు తెలుగునాట ఏం చేశాయి, ఎలా చేశాయి, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది అన్నది ఇప్పుడు నా పరిశోధన. ఈ వేదికలో వైద్య సిబ్బంది, న్యాయవాదులు, విలేకరులు చాలామంది ఉన్నారు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

ప్రధానంగా తీసుకున్నది ఖమ్మం జిల్లా హెచ్‌పీవీ టీకా వ్యవహారం. గుర్తులేనివారికి క్లుప్తంగా: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన పాత్ సంస్థ కలిసి చేసిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. ఖమ్మంలో దాదాపు 14,000 మందికి వేశారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే గిరిజన బాలికలు చాలామంది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. 2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ బృందం భద్రాచలం వచ్చి విచారించింది. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తూర్పారబట్టింది.

ఢిల్లీ వైపు కాగితాలన్నీ దొరుకుతున్నాయి. నాకు దొరకనిది ఇక్కడి సంగతి. అప్పుడు టీకా వేయించుకున్నవారికి ఇప్పుడు ముప్పైకి అటూఇటూ వయసు ఉంటుంది. వారిని వెతికి మాట్లాడాలని ఆలోచన. ఖమ్మం ఒక్కటే కాదు, ఆరోగ్య హక్కుల కోసం జరిగిన ఏ పోరాటం గురించి తెలిసినా చెప్పండి.

పిల్లల_డాక్టరు | సోమవారం ఉదయం 10.40

మంచి అంశం ఎంచుకున్నారు. కానీ మొదటి టపాలోనే ఒక కొరత ఉంది. ఏడుగురు చనిపోయారని రాశారు, ఎలా చనిపోయారో రాయలేదు. కేంద్రం వేసిన విచారణ సంఘం ఆ మరణాలను విడివిడిగా పరిశీలించింది. నీళ్ళలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా ఇలాంటి కారణాలు. టీకాకూ మరణాలకూ సంబంధం ఉన్నట్టు ఆ సంఘం ఎక్కడా తేల్చలేదు. ఈ వాక్యం లేకుండా ‘టీకా వేశారు, ఏడుగురు చనిపోయారు’ అని రెండు మాటలు పక్కపక్కన పెడితే చదివేవాళ్ళు మూడో మాట తామే కలుపుకుంటారు.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను పిల్లల వైద్యుడిని. ఆడపిల్లకు పదేళ్ళు నిండాయి, ఈ టీకా వేయిద్దామా అంటే ఇప్పటికీ తల్లులు ‘ఖమ్మంలో వేసిందేనా డాక్టరుగారూ?’ అని అడుగుతారు. ఆ తర్వాత రారు. 2020 అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 1,20,000కు పైగా ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వస్తోంది, 75,000కు పైగా చనిపోతున్నారు. అందులో ఎక్కువమంది పేదవాళ్ళే. వాళ్ళ హక్కుల గురించి ఎవరు నిజనిర్ధారణ చేస్తారు?

నల్లకోటు | సోమవారం ఉదయం 11.30

డాక్టరుగారూ, మరణాల సంగతిలో మీతో నాకు పేచీ లేదు. టీకా మంచిదే అనుకుందాం. అయినా కేసు మిగులుతుంది.

స్థాయీ సంఘం నివేదిక తెరిచి చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 సమ్మతి పత్రాలను పరిశీలించారు. అందులో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే పది పత్రాల్లో దాదాపు మూడింటి మీద సంతకం తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు. పైగా ఇది వార్డెన్లు తమంతట తాము చేసింది కాదు. ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు తల్లిదండ్రుల తరఫున సంతకాలు చేయాలని ప్రభుత్వం నుంచే సూచన వెళ్ళింది. పట్నంలో ఫీజు కట్టి చదివే పిల్లకు ఇంటికి ఫోను చేయకుండా సూది వేస్తారా? వేస్తే మర్నాడు ఆ బడి గేటు ముందు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు.

ఇంకో సంగతి. ఇది ఔషధ ప్రయోగం కాదు, టీకా కార్యక్రమం ఎలా నడపాలో చూసే ప్రదర్శన మాత్రమే అని నిర్వాహకుల వాదన. పరిశోధన కాకపోతే వైద్య పరిశోధన మండలికి అక్కడ పనేమిటి? పరిశోధనే అయితే దానికి ఉండవలసిన రక్షణలు ఏవి? ఈ ప్రశ్నను పట్టుకోవడమే సంఘాలు చేసిన అసలు పని. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఔషధ ప్రయోగాలపై 2012లో ఇండోర్ నుంచి వెళ్ళిన మరో పిటిషన్ కూడా అదే కాలంలో నడిచింది. ఆ ఒత్తిడిలోనే 2013లో ప్రయోగాల్లో నష్టపోయినవారికి పరిహారం నిబంధనలు వచ్చాయి. సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలన్న ఆదేశం వచ్చింది. 2019లో కొత్త నియమావళి వచ్చింది. ఏమీ మారలేదని ఎవరూ అనలేరు.

పాత_సిస్టరమ్మ | సోమవారం మధ్యాహ్నం 2.05

నేను ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజరుగా విరమించాను. చాలా కాలం ఏజెన్సీలోనే పనిచేశాను. మీరు చెప్పే ఆ మూడు మండలాల్లో కాదు. వకీలుగారు వార్డెన్ సంతకం అంటుంటే ఒక మాట చెప్పాలనిపించింది.

ఆశ్రమ పాఠశాలలో టీకా రోజు ఎలా ఉంటుందో చూశారా? పొద్దున్నే పీహెచ్‌సీ నుంచి ఐసు ప్యాకులు సర్దిన డబ్బాతో బయలుదేరాలి. డబ్బా చల్లదనం పోకముందే పని అయిపోవాలి. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి ఉంటుంది. పిల్లలను వరండాలో వరుసగా కూర్చోబెడతారు. ఒకరు పేరు పిలుస్తారు, ఒకరు రిజిస్టరులో రాస్తారు, ఒకరు సూది వేస్తారు. నాలుగో పిల్ల ఏడ్చిందంటే వెనకున్న నలభైమందీ ఏడుస్తారు. ఈ గొడవలో వార్డెనమ్మ కాగితాల కట్ట తెచ్చి బల్లమీద పెడుతుంది. అన్నీ ఒకే కలంతో, ఒకే చేత్తో సంతకాలు. నులిపురుగుల మాత్రకైనా, కళ్ళ పరీక్షకైనా, విహారయాత్రకైనా ఆవిడే సంతకం పెడుతుంది. తల్లిదండ్రులు ఎక్కడో కొండమీద ఊళ్ళో ఉంటారు. ఫోను అందదు. సంతకు దిగినప్పుడే పిల్లను చూసి వెళతారు. జూన్‌లో బడిలో వదిలినప్పుడే ‘ఇక మీదే భారం అమ్మా’ అని చెప్పి వెళ్ళిపోతారు.

అంచేత వార్డెన్లను దోషులుగా నిలబెడితే నాకు మనసొప్పదు. పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునేది కూడా ఆవిడే. కానీ ప్రభుత్వ టీకాల పట్టికలో ఉన్న సూదికీ, ఇంకా పట్టికలో చేరని కొత్త సూదికీ తేడా ఉందని ఆవిడకు చెప్పవలసినవాళ్ళు చెప్పారా? మాకే ఎప్పుడూ ఎవరూ చెప్పేవారు కాదు. పైనుంచి డబ్బా వస్తుంది, లక్ష్యం వస్తుంది, సాయంత్రానికి లెక్క పంపాలి.

గట్టుమీద | సోమవారం మధ్యాహ్నం 3.20

అమ్మా, మీ టపా రెండుసార్లు చదివాను. నివేదికల్లో ఈ వరండా ఎక్కడా కనిపించదు. డాక్టరుగారు చెప్పింది నిజమే. మరణాల కారణాలు, విచారణ సంఘం ఏం చెప్పిందన్నది నా పత్రంలో మొదటి పేజీలోనే ఉంటాయి.

అచ్చుతప్పు | సోమవారం సాయంత్రం 6.45

పత్రికల్లో పనిచేసి విరమించినవాడిని. మీ పరిశోధనకు పనికొచ్చే పాత కథ ఒకటి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మన దగ్గర హక్కుల ఉద్యమం ఆసుపత్రి నుంచి పుట్టలేదు, ఎన్‌కౌంటర్ల నుంచి పుట్టింది. అత్యవసర పరిస్థితి ముగిశాక 1977లో తార్కుండే కమిటీ వచ్చి ఎన్‌కౌంటర్ మరణాలపై విచారించింది. ఆ తర్వాత పౌరహక్కుల సంఘం ఏళ్ళ తరబడి అదే పని చేసింది. ప్రాణాలు కూడా పోగొట్టుకుంది. వరంగల్ ప్రాంతంలో పిల్లల వైద్యుడిగా పేరు తెచ్చుకున్న డాక్టర్ రామనాథం ఆ సంఘం నాయకుడు. 1985 సెప్టెంబరులో ఆయన్ను క్లినిక్‌లోనే కాల్చి చంపారు. (మన పిల్లల_డాక్టరు గారు హక్కుల మాట ఎత్తినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.) 1998లో బాలగోపాల్ తదితరులు మానవ హక్కుల వేదిక పెట్టాక హక్కుల పరిధి రాజ్యహింసను దాటి కులం, భూమి, నీళ్ళు, వైద్యం దాకా విస్తరించింది.

కానీ పనిచేసే తీరు పాతదే. నిజనిర్ధారణ. జీపులో నలుగురు వెళతారు, రెండు రోజులు ఊళ్ళో తిరుగుతారు, జిల్లా కేంద్రంలో విలేకరుల సమావేశం పెడతారు, చిన్న పుస్తకం వేస్తారు. ఎన్‌కౌంటర్‌కు ఈ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. దానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది, శవం ఉంటుంది, తుపాకీ ఎవరిదో తెలుసు. ఇరవై ఏళ్ళలో మెల్లగా వంగిపోయే ఎముకకు ఏ తేదీన నిజనిర్ధారణ చేస్తారు? ఖమ్మం వ్యవహారం అంత త్వరగా దేశం దృష్టికి వచ్చిందంటే అది కూడా ఒక ‘ఘటన’ కావడమే కారణమని నా అనుమానం. తేదీ ఉంది, సూది ఉంది, కంపెనీ ఉంది.

మా పత్రికల పాపం కూడా రాయండి. జిల్లా ఎడిషన్లు వచ్చాక నల్లగొండ వార్త నల్లగొండలోనే, శ్రీకాకుళం వార్త శ్రీకాకుళంలోనే. రాత్రి డెస్కులో కూర్చుని ఎన్నో మంచి వార్తలను జిల్లా పేజీలో దింపాం. బాధపడేవాడి వార్త బాధపడేవాడే చదువుకునేవాడు. సచివాలయంలో ఉన్నవాడి బల్లమీదికి వచ్చేది హైదరాబాదు ఎడిషన్.

మర్రిగూడ_మలుపు | సోమవారం రాత్రి 8.10

అచ్చుతప్పు గారు వంగిపోయే ఎముక అన్నారు. మాది అదే ప్రాంతం, నల్లగొండ.

ఫ్లోరైడ్ కొత్త సంగతి కాదు. ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్య పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు కనిపెట్టి దానికి మా ఊరి పేరే పెట్టారు, ‘నల్లగొండ పద్ధతి’ అని. ఆఫ్రికాలో టాంజానియా దాకా వెళ్ళింది ఆ పేరు. మేము మాత్రం ఆ బోరు నీళ్ళే తాగాం.

1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచినీళ్ళ కోసం పోరాడిన జలసాధన సమితి చేసిన పని మీ పరిశోధనలో తప్పకుండా ఉండాలి. నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వేసి తర్వాత జరపవలసి వచ్చింది. అప్పటిదాకా మా నీళ్ళ గురించి వినని దేశమంతా విన్నది. ఆ తర్వాత ఏం చేశారో చెప్పమంటారా? లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 చేశారు. అందరికీ కనిపించేలా అడిగితే, అలా అడగడానికి వాడుకున్న తలుపు మూశారు.

ఫ్లోరైడ్‌తో ఒళ్ళు వంగిపోయిన శివన్నగూడెం అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్ళి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్లమీద పడుకోబెట్టి చూపించారు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. 2022లో ఆయన పోయినప్పుడు నాయకులందరూ సంతాపం తెలిపారు. ఇప్పుడు భగీరథ నీళ్ళు వస్తున్నాయి, మా పిల్లల పళ్ళు బాగున్నాయి. అది గెలుపే, కాదనను. కానీ రాష్ట్రంలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు ఇక లేవని 2020లో కాగితం మీద లెక్క తేలాక, అప్పటికే వంగిపోయినవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు? నీళ్ళు మారితే నడుము తిరిగి నిలబడదు కదా.

పిల్లల_డాక్టరు | సోమవారం రాత్రి 9.00

మలుపు గారూ, మీ చివరి ప్రశ్న వైద్యుడిగా నన్నూ కదిలించింది. ఎముకల ఫ్లోరోసిస్‌కు మందు లేదు. నొప్పి తగ్గించడం, కదలిక కాపాడటం, అవసరమైతే శస్త్రచికిత్స, ఇంతే. ఆ మేరకైనా ఇంటి దగ్గర అందాలి.

అచ్చుతప్పు గారూ, రామనాథంగారి పేరు తెచ్చి నా నోరు కట్టేద్దామనుకుంటే కుదరదు. ఆయన పేరు మా తరం వాళ్ళందరికీ తెలుసు. ఆయన పిల్లలకు టీకాలు వేసిన మనిషి కూడా.

సోంపేట_గాలి | మంగళవారం ఉదయం 7.30

మా ఉద్దానం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటలు. చూసినవాళ్ళు కోనసీమ అనుకుంటారు. ఇంటింటా కిడ్నీ జబ్బు.

నల్లగొండవారికి కనీసం శత్రువు ఎవరో తెలుసు. నీళ్ళలో ఫ్లోరైడ్. మాకు అదీ లేదు. నీళ్ళని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఎండలో పని అని ఒకరు, వంశపారంపర్యం అని ఒకరు. ఎందరో వచ్చి రక్తం, మూత్రం, నీళ్ళు, మట్టి పట్టుకెళ్ళారు. కారణం ఇంతవరకు ఖాయంగా తేలలేదు. కారణం తేలని జబ్బుకు ఎవరి మీద కేసు వేస్తారు, ఎవరి ఆఫీసు ముందు కూర్చుంటారు?

ఇదే సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని 2010లో జనం లేచారు. జూలైలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. దేశమంతా వచ్చింది. హక్కుల సంఘాలు, పార్టీలు, టీవీలు. అనుమతి రద్దయింది. అదే ఊళ్ళలో అదే సంవత్సరం కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళను చూడటానికి ఎవరూ రాలేదు. అచ్చుతప్పు గారి ‘తేదీ, చోటు, తుపాకీ’ మాట అక్షరాలా మా ఊరికి వర్తిస్తుంది.

మెల్లమెల్లగా కొన్ని వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను, హిరమండలం నుంచి పైపు నీళ్ళు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం. పార్టీలు తామే ఇచ్చామని చెప్పుకుంటాయి. దాని వెనక ఏళ్ళ తరబడి కలెక్టరు గ్రీవెన్సు వరుసలో నిలబడ్డ డయాలసిస్ రోగుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. మీరు ‘పౌర సమాజం’ అన్నప్పుడు రిజిస్టరైన సంస్థలనే లెక్కేస్తారా, ఆ వరుసను కూడా లెక్కేస్తారా?

గట్టుమీద | మంగళవారం ఉదయం 9.50

ఆ వరుసను కూడా. మా రంగంలో సంస్థలకు ఎక్కువ చోటు దొరకడానికి కారణం సిద్ధాంతమేమీ కాదు, సంస్థలకు బీరువాలు ఉంటాయి. నివేదికలు దాచుకుంటాయి, మాకు ఇస్తాయి. కలెక్టరాఫీసు వరుస దాచుకున్నది అర్జీ నకలు మాత్రమే. అలాంటి నకళ్ళు ఎవరింట్లోనైనా ఉంటే, చూడటానికి నేనే వస్తాను. తీసుకెళ్ళను, అక్కడే చూసుకుంటాను.

నల్లకోటు గారూ, మీకొక ప్రశ్న. ఖమ్మం రికార్డుల కోసం సమాచార హక్కు దరఖాస్తు వేయాలంటే ఎక్కడ వేయాలి?

నల్లకోటు | మంగళవారం ఉదయం 11.05

తలనొప్పి వ్యవహారం. 2014లో రాష్ట్రం విడిపోయింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, అదే మండలంలోని మిగతా ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 2016లో జిల్లా కూడా రెండయింది. కాబట్టి ఖమ్మం, కొత్తగూడెం జిల్లా వైద్యాధికారులకు విడివిడిగా, ఇటు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిన ఊళ్ళ కోసం చింతూరు వైపు కూడా వేయండి. ‘మా దగ్గర లేదు, అవతలి రాష్ట్రానికి బదిలీ అయింది’ అన్న జవాబు వస్తే దాన్ని కూడా భద్రపరచండి, మొదటి అప్పీలులో పనికొస్తుంది. ఢిల్లీలో వైద్య పరిశోధన మండలికి ఒకటి. స్థాయీ సంఘం నివేదిక రాజ్యసభ వెబ్‌సైటులో ఉంటుంది, దానికి దరఖాస్తు అక్కర్లేదు.

వైద్యం హక్కు అన్న మాటకు చట్టబలం ఎక్కడిదని విద్యార్థులు అడిగితే 1996 నాటి హకీమ్ షేక్ కేసు చూపించండి. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బతగిలిన వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకటి తర్వాత ఒకటి పడకలు లేవని పంపేశాయి. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసును నడిపించింది కూలీల సంఘం. పెద్ద స్వచ్ఛంద సంస్థ కాదు.

శబరి_ఒడ్డు | మంగళవారం రాత్రి 10.20

నిన్నటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకున్నాను. మాది కోయ కుటుంబం. ఆశ్రమ పాఠశాలలోనే పదో తరగతి దాకా చదివాను, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. మా బడి ఆ మూడు మండలాల్లో లేదు, ఆ టీకా మాకు వేయలేదు. కాబట్టి దాని గురించి నేను సాక్షిని కాను.

కానీ మా ఊరికి వచ్చే బృందాల గురించి సాక్షినే. రక్తహీనత మీద ఒకరు, మలేరియా మీద ఒకరు, పోషకాహారం మీద ఒకరు. అందరూ మంచివాళ్ళే. చెట్టు కింద మంచం వేస్తాం, నీళ్ళిస్తాం. పుస్తకం తెరిచి అడుగుతారు. నెలసరి గురించి, కాన్పుల గురించి, పోయిన బిడ్డల గురించి, మగవాళ్ళు వింటుండగానే. మా అమ్మకు తెలుగు అర్థమవుతుంది కానీ ఇలాంటివి తెలుగులో చెప్పడం రాదు. పక్కన ఉన్న ఎవరో కోయ నుంచి తెలుగులోకి చెబుతారు. ఆ చెప్పేవాడు సర్పంచి బంధువు. అమ్మ ఏం చెబుతుంది? అంతా బాగానే ఉందని చెబుతుంది. అది పుస్తకంలోకి ఎక్కుతుంది. చివర్లో ఒక కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. నల్లకోటు గారు లెక్క చెప్పిన 1,948 వేలిముద్రలు చూసినప్పుడు నాకు ఈ కాగితమే గుర్తొచ్చింది. హక్కుల కోసం వచ్చినవాళ్ళు కూడా అలాంటి కాగితమే తీసుకెళ్ళారు. ఒక్క బృందం కూడా తిరిగి వచ్చి ఇదిగో మీరు చెప్పింది, మేము రాసింది అని చదివి వినిపించలేదు.

గట్టుమీద గారూ, మీరు ‘వారిని వెతికి మాట్లాడాలని’ అన్నారు. ఎలా వెతుకుతారు? పేర్ల జాబితా ఎవరిస్తారు? పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఎక్కడో ఊళ్ళో ఉన్న మనిషి ఇంటికి జీపు దిగి ‘చిన్నప్పుడు మీకు ఆ టీకా వేశారట కదా’ అంటే, ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించారా? ‘పిల్లలు పుట్టకపోవడానికి అదే కారణం’ అనడానికి అత్తలు ఎదురుచూస్తుంటారు.

నిర్వాహకుడు | బుధవారం ఉదయం 8.00

ఒక మనవి. ఈ చర్చలో టీకా వేయించుకున్నవారి పేర్లు, ఊళ్ళు, బడుల పేర్లు ఎవరూ రాయవద్దు. రాత్రి ఒక టపా తొలగించాను. దాన్ని రాసిన సభ్యునికి విడిగా చెప్పాను.

మేరీలాండ్_మామయ్య | బుధవారం ఉదయం 8.40

ఇక్కడ విశ్వవిద్యాలయంలో నైతిక పరిశీలన విభాగంలో పనిచేస్తాను. పరిశోధన ప్రతిపాదనలను జల్లెడ పట్టడమే నా ఉద్యోగం. మా సంఘం ముందుకు మీ ప్రతిపాదన వస్తే సమ్మతి పత్రం నాలుగు పేజీలుందా, రహస్యం కాపాడతామని రాశారా, ఫోన్ నంబరు ఇచ్చారా అని చూసి ఆమోదించేస్తాం. శబరి_ఒడ్డు గారు అడిగిన ప్రశ్న అడిగే గడి ఆ ఫారంలో లేదు.

గట్టుమీద | బుధవారం మధ్యాహ్నం 1.15

శబరి_ఒడ్డు గారూ, మీ టపా వచ్చాక పథకం మార్చుకున్నాను.

టీకా వేయించుకున్నవారిని జాబితా పట్టుకుని వెతకను. ఆ రోజుల్లో బహిరంగంగా మాట్లాడినవారితో, అంటే సంఘాల కార్యకర్తలు, విలేకరులు, అప్పటి ఆరోగ్య సిబ్బంది, ఉపాధ్యాయులతో మొదలుపెడతాను. నేను ఇలాంటి పని చేస్తున్నానని స్థానిక ఆదివాసీ మహిళా బృందాల్లో చెబుతాను. మాట్లాడాలనుకున్నవారు ఉంటే వారే నా దగ్గరికి వస్తారు, వారు చెప్పిన చోట, చెప్పిన వేళ కలుస్తాను. కోయ తెలిసిన మహిళ నాతో ఉంటుంది, ఆ ఊరివారు కాకుండా. అందరికీ టీకా ఒక్కదాని గురించే కాకుండా హాస్టల్ రోజుల వైద్యం మొత్తం గురించి అడుగుతాను. అప్పుడు ఎవరికి టీకా పడిందో చూసేవారికి తెలిసే వీలుండదు. ముసాయిదా తయారయ్యాక వెళ్ళి కోయలో వినిపిస్తాం, తీసేయమన్నది తీసేస్తాం. దీనివల్ల పత్రం ఆలస్యమవుతుంది. నిధులిచ్చేవారికి ఆ మాట ఇప్పుడే రాసి పంపాను.

శబరి_ఒడ్డు | బుధవారం రాత్రి 9.30

సరే. ముసాయిదా వినిపించే రోజు చెప్పండి, సెలవు పెట్టి వస్తాను. కోయ చెప్పే మనిషి కోసం విడిగా సందేశం పంపుతాను.

పిల్లల_డాక్టరు | గురువారం ఉదయం 7.10

పరిశోధకులకు మరో ముడి ఇస్తాను, విప్పుకోండి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఖమ్మం కార్యక్రమంతోపాటు దేశంలో అప్పుడు నడుస్తున్న మరో హెచ్‌పీవీ అధ్యయనంలో టీకాలు వేయడాన్ని కూడా ఆపేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నడిపిన అధ్యయనం అది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూడటం వాళ్ళ ఉద్దేశం. మధ్యలో ఆపడంతో దాదాపు 5,000 మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి: క్యాన్సర్‌కు దారితీసే, ఒంట్లో పట్టి ఉండే హెచ్‌పీవీ వైరస్ ఇన్ఫెక్షన్ నుంచి ఒక్క డోసు కూడా 95 శాతం దాకా కాపాడింది, రెండు మూడు డోసులతో సమానంగా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు సరిపోతుందని చెప్పడానికి ఆధారాల్లో ఇది ఒకటి. ఒక్క డోసు అంటే పేద దేశాలకు ఖర్చు సగమో, మూడో వంతో.

ఉద్యమాన్ని తిట్టేవాడినే, కానీ ఈ లెక్క నాకూ అందదు. ఆపకపోతే ఆ సంగతి ఇంత త్వరగా తెలిసేది కాదు. ఆపినందువల్ల మన దగ్గర భయం మిగిలిపోయింది. సిక్కిం 2018లోనే తన 9 నుంచి 13 ఏళ్ళ ఆడపిల్లలకు వేసుకుంది. మన దేశీ టీకా 2023లో బజారులోకి వచ్చింది. మనం ఇంకా ‘ఖమ్మంలో వేసిందేనా’ దగ్గరే ఉన్నాం.

నల్లకోటు | గురువారం ఉదయం 8.25

ఆ భయం పుట్టించింది ఉద్యమమా, 2,763 సంతకాలా అన్నది తేల్చాలి డాక్టరుగారూ. సిక్కింలో ముందు తల్లిదండ్రులకు చెప్పి తర్వాత వేశారు. పిల్లలూ వేయించుకున్నారు.

పిల్లల_డాక్టరు | గురువారం ఉదయం 8.50

అక్కడ మీతో ఏకీభవిస్తాను. రోజుకు ఒకసారికి మించి ఏకీభవించను.

పాత_సిస్టరమ్మ | గురువారం ఉదయం 11.30

గట్టుమీద అమ్మా, వెళ్ళేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకో. ఏప్రిల్ చివర నుంచి మే నెలంతా వెళ్ళకు, తునికాకు కోతలు, ఊళ్ళో మనిషి ఉండరు. వానలు పట్టాక వాగులు దాటలేవు, జూలై ఆగస్టుల్లో జ్వరాలు, గోదావరి వరద. దీపావళి వెళ్ళాక, పంట ఇంటికొచ్చాక వెళితే తీరిగ్గా మాట్లాడతారు. సంత రోజు ఏదో ముందు కనుక్కుని ఆ రోజు మాత్రం ఊరికి వెళ్ళకు.

రెండోది, అప్పటి ఏఎన్ఎంలలో చాలామంది విరమించారు, కొందరికి భయం కూడా. ఉద్యోగంలో ఉన్నవాళ్ళను కదపకు, విరమించినవాళ్ళను అడుగు. వాళ్ళ దగ్గర పాత డైరీలు ఉంటాయి. ఏ రోజు ఏ బడికి వెళ్ళారో, ఎన్ని సూదులు తీసుకెళ్ళారో, ఎన్ని తిరిగి తెచ్చారో మా చేతి రాతతో ఉంటుంది. ఆఫీసు రిజిస్టర్లు చెదలు తిన్నా అవి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటాయి. నావి ఉన్నాయి, వేరే జిల్లావి అయినా ఆ డైరీ ఎలా ఉంటుందో చూసుకోవడానికి పనికొస్తాయి. ఆదివారం తప్ప ఎప్పుడైనా రా.